మావగారి చెయ్యి ఎవరి భుజం మీద

మా మావగారు నా తోడల్లుడి బండి ఎక్కితే కుడిచెయ్యి అతని భుజం మీద వేసేవారు. నా బండి ఎక్కితే రెండు చేతులూ వెనక్కి పెట్టి సీటు చివర ఉన్న ఇనప కడ్డీ పట్టుకునేవారు. నా కడుపుమంట మొదలైంది ఇక్కడే. ఇది చిన్న విషయమని మా ఆవిడ వెయ్యిసార్లు చెప్పింది. చిన్నదని నాకూ తెలుసు. కంట్లో పడే నలుసు కూడా చిన్నదే.

మావగారికి కొడుకుల్లేరు. ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దమ్మాయిని నేను చేసుకున్నాను. ఆరేళ్ళ తర్వాత చిన్నమ్మాయిని చేసుకుని అతనొచ్చాడు. ముగ్గురి ఇళ్ళూ ఒకే ఊళ్ళో, చిలకలూరిపేటకు పన్నెండు కిలోమీటర్ల దూరంలో. నాకు నాలుగెకరాల నల్లరేగడి, సగం పత్తి, సగం మిరప. అతనికి పొలంతో పాటు పేటలో పురుగుమందుల కొట్టు కూడా ఉంది. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నవాడు, పొడగరి, మాట మెత్తన. నన్ను ‘అన్నయ్యా’ అని నోరారా పిలుస్తాడు. వంక పెట్టడానికి ఏమీ దొరక్కపోవడమే అతనిలో నాకు నచ్చని గుణం.

మావగారు యాభై ఏళ్ళు మిరప పండించారు. మోకాళ్ళు మొరాయించాక పొలం కౌలుకిచ్చారు గానీ సోమవారం వచ్చిందంటే గుంటూరు మిర్చియార్డుకు వెళ్ళి తీరాలి. అమ్మేదీ లేదు, కొనేదీ లేదు. తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని టిక్కీల మధ్య, అంటే మిరపకాయల బస్తాల మధ్య, తిరుగుతారు. విప్పిన సంచిలోంచి ఓ కాయ తీసి, తొడిమ దగ్గర పుటుక్కున విరిచి, గింజ చూసి, వాసన చూసి, ఈ సరుకు ఎంత పలుకుతుందో తనలో తాను అనుకుంటారు. తర్వాత పాట ఎంతకు ఆగిందో విని, తను అనుకున్నదానికి దగ్గరగా వస్తే ఆ రోజంతా హుషారుగా ఉంటారు. బస్సంటే ఆయనకు పడదు. కాబట్టి అల్లుడి బండి కావాలి.

ఆరేళ్ళపాటు ఆ బండి నాదే. అప్పుడు కూడా వెనక కడ్డీయే పట్టుకునేవారు. కానీ పక్కన పోల్చుకోవడానికి ఎవరూ లేనప్పుడు లోటు తెలియదు. ఆయన తరహా అంతే కాబోలు అనుకున్నాను. నన్ను ‘అల్లుడు గారూ’ అనడం కూడా మర్యాదే అనుకున్నాను. చిన్నల్లుడు వచ్చిన నెలకే అతన్ని ‘అబ్బాయ్’ అన్నారు.

నా బండి సంగతి చెప్పాలి. వంద సీసీ. లీటరు పోస్తే ఊరంతా తిరిగొస్తుంది, రిపేరు తక్కువ. కానీ స్పీడు యాభై దాటిందంటే సన్నటి వణుకు మొదలవుతుంది. ముందు కాళ్ళ కింద, తర్వాత సీటులో, ఆఖరికి హ్యాండిల్లో. అరగంట నడిపితే అరచేతులు తిమ్మిరెక్కుతాయి. బండి దిగి టీ గ్లాసు పట్టుకున్నా ఆ జిలజిల ఇంకా వేళ్ళలోనే ఉంటుంది.

మా నాన్న దగ్గర పాత మూడువందల యాభై సీసీ బండి ఉండేది. దాని వణుకు వేరు. దబ్ దబ్‌మని లావుగా కుదిపేది, నడుం అదిరేది, అయినా చెయ్యి మొద్దుబారేది కాదు. రోకటిపోటుకీ దోమ రొదకీ ఉన్న తేడా అది. రోకటిపోటు పక్కన మనిషి కునుకు తీయగలడు, దోమ పక్కన తీయలేడు. మా పాలాయన మోపెడ్డు వెనక పాలక్యాన్లు ఎప్పుడూ గలగలమంటూనే ఉంటాయి, ఆయన మాట్లాడినా ఆ అదురు గొంతులో వినిపిస్తుంది. టీచరమ్మ కరెంటు స్కూటరుకు అసలు వణుకే లేదు. చప్పుడు చెయ్యకుండా పక్కన వచ్చి ఆగితే గుండె ఆగినంత పనవుతుంది. ఇవన్నీ నేను చదువుకుని తెలుసుకోలేదు. ఓర్వలేక తెలుసుకున్నాను. మూడేళ్ళ కిందట ఉగాది ముందు నా తోడల్లుడు కొత్త బండి కొన్నప్పటి నుంచి ఊళ్ళో ఏ బండి కనిపించినా ఎక్కి కూర్చుని చూశాను.

అది పెద్ద బండి. కొబ్బరికాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించగానే తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

“ముందు మీరు ఓ రౌండు వేసి రండి అన్నయ్యా.”

హైవే దాకా వెళ్ళాను. ఎనభైలో కూడా చేతులకేమీ తెలియలేదు. అద్దం చూసి నా ప్రాణం ఉసూరుమంది. నా బండి అద్దంలో వెనక లారీ ఎప్పుడూ ఒకటికి రెండుగా కనిపిస్తుంది. అతని అద్దంలో లారీ ముందు కట్టిన నిమ్మకాయలు లెక్కపెట్టుకోవచ్చు. తిరిగొచ్చి తాళం ఇచ్చేస్తూ, “బ్రేకు కొంచెం మెత్తగా ఉంది తమ్ముడూ, చూపించుకో,” అన్నాను. బ్రేకు బ్రహ్మాండంగా ఉంది.

ఆ సోమవారం మావగారు అతని బండి మీద గుంటూరు వెళ్ళొచ్చారు. అరుగు మీద కూర్చుని, “ఉయ్యాల్లో కూచున్నట్టుందిరా అబ్బాయ్. వంద కిలోమీటర్లు తిరిగొచ్చినా నడుం ఉందన్న సంగతే తెలియలా,” అన్నారు. నేను అక్కడే ఉన్నాను. నా వైపు చూడలేదు. చూసి ఉంటే ఇంకా మండేదేమో.

తర్వాతి సోమవారం గుంటూరులో పని ఉందని ఇంట్లో చెప్పి వాళ్ళ వెనకే వెళ్ళాను. పనేమీ లేదు. ఆ చెయ్యి చూడటానికి వెళ్ళాను. నలభై దాటినవాడిని, ఇద్దరు పిల్లల తండ్రిని, ముసలాయన చెయ్యి ఎక్కడుందో చూడటానికి పెట్రోలు తగలేసుకుని యాభై కిలోమీటర్లు పోయాను. చెయ్యి అతని భుజం మీదే ఉంది, ఇంట్లో గోడ మీద పెట్టుకున్నంత తీరిగ్గా. ఆ ముందు బండిని అందుకోవడానికి అరవైలో పోతుంటే నా పళ్ళు కూడా అదురుతున్నాయి.

మర్నాడు పేటలో మెకానిక్ దగ్గరకు వెళ్ళాను.

“దాంట్లో ఎదురు బరువు ఉంటుందన్నా,” అన్నాడతను. “పిస్టన్ పైకి పోతే అది కిందకి పోద్ది. దీని ఊపుని అది తినేసుద్ది. మీ బండిలో అది లేదు.”

“అయితే పెట్టు.”

“పెట్టడానికి అదేమన్నా సైడు స్టాండా?”

ఇంజను బిగించిన చోట రబ్బరు బుష్షులు మార్చాడు. హ్యాండిల్ చివర్లకు బరువులు తగిలించాడు. కొంచెం తగ్గింది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తూ, “మా నాన్న మీ బండి ఎక్కకపోతే మీకొచ్చిన నష్టమేంటండీ? సోమవారం సుఖంగా పొలం పోండి,” అంది. తను సొంత కూతురు. ఆ చెయ్యి కోసం పోటీ పడాల్సిన అవసరం తనకు ఎప్పుడూ రాలేదు.

ఇక సీటు మిగిలింది. మెకానిక్ మంచి ఫోము వెయ్యమన్నాడు. నేను వింటానా? పత్తి రైతును. పరుపంటే పత్తి, దిండంటే పత్తి, ఫోము మీద పడుకున్నవాడికి నడుం పట్టేస్తుందని పుట్టినప్పటి నుంచి వింటున్నాను. ఇంట్లో ఉన్న పత్తిని మిల్లులో గింజ తీయించి తెచ్చాను. సీటు వెనక సగంలో, అంటే మావగారు కూర్చునే చోట, ఫోము పీకేసి ఆ పత్తి కూరించాను. పైన రెక్సిన్ వద్దన్నాను, వేడెక్కుతుంది కదా. గాలాడాలని నూలుగుడ్డ కుట్టించాను. చేత్తో నొక్కి చూస్తే ఇడ్లీలా మెత్తగా ఉంది. తోడల్లుడి బండికి ఎదురు బరువు ఉంటే ఉండనీ, నా సీటు ముందు అదెంత అనుకున్నాను.

ఒక్కటి మర్చిపోయాను. మా ఇంట్లో పత్తీ మిరపకాయలూ ఒకే గదిలో ఉంటాయి. ఆ పత్తి రెండు నెలలు టిక్కీల పక్కనే పడి ఉంది. మిరప పొడి ఎంత పీల్చుకుందో దానికే తెలియాలి. అది చాలదన్నట్టు ఆ వారమంతా ఆ సీటు మీదే కల్లం నుంచి టిక్కీలు మోశాను.

ఏప్రిల్ నెల. నా తోడల్లుడు కొట్టు పని మీద విజయవాడ వెళ్ళాడు. మావగారు నా బండి ఎక్కక తప్పలేదు. పొద్దున చల్లగా ఉంది, వెళ్ళేటప్పుడు “సీటు బావుంది అల్లుడు గారూ,” అన్నారు. ఆ మాటతో యార్డంతా ఈల వేసుకుంటూ తిరిగాను. తిరుగు ప్రయాణం మిట్టమధ్యాహ్నం. ఎండకు సీటు కాగింది, ఆయన తెల్లపంచె చెమటకు తడిసింది. పది కిలోమీటర్లు పోయాం. వెనక అటు జరుగుతున్నారు, ఇటు జరుగుతున్నారు. తర్వాత “కాస్త ఆపండి,” అన్నారు. దిగి నాలుగడుగులు వేసి మళ్ళీ ఎక్కారు. ఇంకో రెండు కిలోమీటర్లకు, “ఆపండి, ఆపండి!” అని అరిచారు.

రోడ్డు పక్క ఎవరిదో పొలంలో బోరు పోస్తోంది. మావగారు ఆ మోకాళ్ళతోనే గట్టు దిగి, పరుగులాంటి నడకతో పోయి, పంచెతో సహా బోరుకాలవలో కూర్చున్నారు. నాకేమీ అర్థం కాలేదు. దగ్గరికి పోయి ఏమైందని అడిగాను.

“యాభై ఏళ్ళు మిరప పండించాను అల్లుడు గారూ,” అన్నారు నీళ్ళలోంచే, చాలా నెమ్మదిగా. “కళ్ళల్లో పడింది, ముక్కులో పడింది. ఇక్కడ పడటం ఇదే మొదటిసారి.”

ఊరంతా నవ్వింది. మా మరదలు నన్ను చూసినప్పుడల్లా, “బావా, ఈ ఏడు మీ సీటుకి ధర ఎంత పలుకుద్ది?” అనేది. నవ్వనివాడు ఒక్కడే, నా తోడల్లుడు. విజయవాడ నుంచి వస్తూనే మందు పట్టుకుని మావగారి దగ్గరకు పోయాడు, నాతో ఆ ఊసే ఎత్తలేదు. అతను కూడా నవ్వి ఉంటే నాకు ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను.

పత్తి తీసేసి మళ్ళీ ఫోమే వేయించాను. ఆ తర్వాత రెండేళ్ళపాటు మావగారు నా బండి వైపు చూడలేదు. ప్రతి సోమవారం పొద్దున పెద్ద బండి చప్పుడు మా వీధిలోంచి మెత్తగా పోయేది. నేను ఆ టైముకి దొడ్లోకి వెళ్ళిపోయేవాణ్ణి.

పోయిన వానాకాలంలో ఓ సోమవారం ఆయన మా ఇంటి గేటు తీసుకుని లోపలికొచ్చారు. భుజాన తువ్వాలు, చేతిలో సంచి.

“బండి తియ్యండి అల్లుడు గారూ.”

“తమ్ముడు ఊళ్ళో లేడా?”

“ఉన్నాడు. ఆ బండి మీద నిద్రొస్తోంది నాకు. మొన్న తూలి పడబోయా. మీ బండి మీదైతే మెలకువగా ఉంటా.”

పొగడ్తో తిట్టో ఆలోచించే ఓపిక నాకు లేదు. చొక్కా గుండీలు పెట్టుకుంటూనే బండి బయటికి లాగాను. గుంటూరు దారి మా ఇంటికి కుడివైపు ఉంది, నేను ఎడమవైపు తిప్పాను. తోడల్లుడి ఇంటి ముందు నుంచి పోయి, ఎవరూ అడ్డం లేకపోయినా రెండుసార్లు హారన్ కొట్టాను. అతను బయటికొచ్చి చెయ్యి ఊపాడు.

ఊరి పొలిమేర దాటాక మావగారి చెయ్యి నా భుజం మీద పడింది.

ఆ తర్వాత ఆరు నెలలూ నేను ఎంత వెలిగిపోయానో చెప్తే సిగ్గుచేటు. ప్రతి సోమవారం చెయ్యి నా భుజం మీదే. ఇంకో గౌరవం కూడా దక్కింది. యార్డులో ఆయన ఇప్పుడు కాయ విరవడం మానేశారు. “మీరు విరిచి చూపించండి,” అనేవారు. యాభై ఏళ్ళ అనుభవం నాకు అప్పగిస్తున్నారని నేను పొంగిపోయేవాణ్ణి. టీ కూడా మానేశారు, వేడి చేస్తోందన్నారు. ఆయన టీ కూడా నేనే తాగేవాణ్ణి.

ఆ రోజుల్లోనే ఓసారి నా తోడల్లుడు కొట్టు దగ్గర నన్ను ఆపాడు.

“అన్నయ్యా, మావయ్యకి ఒంట్లో బాగానే ఉంటోందా?”

“ఆయనకేం? నా బండెక్కాక ఇంకా కులాసాగా ఉన్నారు,” అన్నాను.

అతను తలూపి కొట్లోకి వెళ్ళాడు. చేజారిన పెద్దరికం కోసం కుర్రాడు కుళ్ళుతున్నాడనుకున్నాను. మనసులో ఎంత సంబరపడ్డానో. ఆ రాత్రి ఇంటికి పోయి మా ఆవిడకు కూడా చెప్పాను.

మాఘమాసంలో, కొత్త కాయ యార్డుకు వస్తున్న రోజుల్లో, మేం హైవే వదిలి పాత రోడ్డున పోతున్నాం. లారీలంటే ఆయనకు భయం. నరసరావుపేట లైను మీద రైలుగేటు పడింది. ముందు ఓ పత్తి ట్రాక్టరు, పక్కన రెండు ఆటోలు, పది బండ్లు. అందరూ ఇంజన్లు ఆపేశారు. నేనూ తాళం తిప్పాను.

ఇంజను ఆగింది. నా భుజం మీద వణుకు ఆగలేదు.

ముందు అది బండి జిలజిలే అనుకున్నాను, దిగాక కూడా కాసేపు ఉంటుంది కదా. నా చేతులు చూసుకున్నాను. నిలకడగా ఉన్నాయి. భుజం మీద మాత్రం ఆయన నాలుగు వేళ్ళూ ఆగకుండా కొట్టుకుంటున్నాయి. నేను గమనించానని ఆయనకు తెలిసింది. చెయ్యి తీసేసి వెనక కడ్డీ పట్టుకున్నారు. ఆయన ఉంగరం ఆ ఇనుముకు తగిలి టకటకమంటోంది. పక్క బండివాడు ఏం చప్పుడా అని తిరిగి చూశాడు.

“బండి స్టార్ట్ చెయ్యి అబ్బాయ్,” అన్నారు మావగారు.

ఇన్నేళ్ళు ఎదురుచూసిన పిలుపు. అప్పుడా రావడం?

“గేటు ఇంకా తియ్యలేదు మావయ్యా.”

“తెలుసు. స్టార్ట్ చెయ్యి.”

కిక్కు కొట్టాను. బండి మొత్తం ఎప్పటిలాగే వణికింది, హ్యాండిలూ, అద్దాలూ, నా కాళ్ళూ. కాసేపటికి చెయ్యి మళ్ళీ నా భుజం మీదకొచ్చింది. ఇప్పుడు అందులో ఏది బండిదో ఏది ఆయనదో ఎవరూ చెప్పలేరు. పక్కవాడు, “పెట్రోలు ఎక్కువైందా గురూ?” అన్నాడు. రైలు వచ్చి పోయి గేటు లేచేదాకా నేను ఇంజను ఆపలేదు.

గుంటూరు చేరేదాకా ఆలోచిస్తూనే ఉన్నాను. ఆ మెత్తటి బండి మీద ఈ వణుకు దాచడానికి చోటు లేదు. అతని భుజానికి తెలిసిపోయింది. అతను మావగారినే అడిగి ఉంటాడు. అడిగినందుకే ఆయన ఆ బండి దిగి నా బండి ఎక్కారు. నిద్రా లేదు, పాడూ లేదు. నన్ను మెచ్చి కాదు, నా బండిలో దోషాన్ని మెచ్చి వచ్చారు. కాయ విరవలేక నాకిచ్చారు. గ్లాసు పట్టుకోలేక టీ మానేశారు. నేను ఆ టీ తాగాను.

ఆయన్ని ఒప్పించడానికి మూడు వారాలు పట్టింది. నరసరావుపేటలో నరాల డాక్టరు దగ్గరకు నేనూ, నా తోడల్లుడూ కలిసి తీసుకెళ్ళాం. డాక్టరు ఆయన చేతులు చాపించి చూసి, వేళ్ళు ఆడించమని చెప్పి చూసి, మా వైపు తిరిగి, “ఎప్పటి నుంచి ఇలా ఉంది?” అని అడిగాడు.

ఆరు నెలలు ఆ చెయ్యి మోసినవాణ్ణి నేను. నేను తోడల్లుడి వైపు చూశాను.

“పోయిన వేసవి చివర మొదలైందండీ,” అన్నాడు నా తోడల్లుడు. “మొదట్లో కుడిచెయ్యి చిటికెనవేలు ఒక్కటే.”

చిటికెనవేలు! అక్కడ కూడా, ఆ గదిలో కూడా, నాకు కడుపు మండింది.

మందులు వాడుతున్నారు. కొంత నయమన్నారు, పూర్తిగా పోదన్నారు. యార్డుకు ఇప్పటికీ నా బండి మీదే వస్తారు. యార్డులో నలుగురి ముందూ బండి దిగేటప్పుడు చెయ్యి వణికితే, “వీడి బండి అంతేనయ్యా,” అని నన్ను చూపించి నవ్వుతారు. నేనూ నవ్వుతాను. మొన్న సర్వీసింగుకు ఇస్తే మెకానిక్ కిందకు వంగి చూసి, బుష్షులు మళ్ళీ అరిగిపోయాయన్నా, మార్చేద్దామా, ఈసారి మంచివి వచ్చాయి, వణుకు సగానికి తగ్గుద్ది అన్నాడు.

వద్దులే, ఉండనీ అన్నాను.